సూత్రం తర్వాత, ముందు కథ చెప్పండి: చలనం, బలాల లెక్కలు ప్రాక్టీస్ చేసే పద్ధతి

ఫిజిక్స్‌లో చలనం, బలాలు అన్న పాఠాలకి వచ్చేసరికి చాలామంది చేసే పని ఒకటే. లెక్క చదవడం, అందులో కనిపించిన అంకెలు ఏరుకోవడం, అవి ఏ సూత్రంలో సరిపోతాయో వెతకడం. సరిపోతే జవాబు వచ్చేసినట్టు, సరిపోకపోతే సొల్యూషన్ తెరిచి "ఓస్, ఇంతేనా" అనుకుని పక్క లెక్కకి వెళ్ళిపోవడం. నేనూ చాలా రోజులు ఇలాగే చేశాను. నోట్సు నిండా లెక్కలు ఉండేవి, తిరగేసి చూసుకుంటే ముచ్చటేసేది కూడా, కానీ పరీక్షలో అదే లెక్కని కాస్త తిప్పి అడిగితే పెన్ను కదిలేది కాదు. నేను ప్రాక్టీస్ చేస్తున్నది ఫిజిక్స్ కాదని, సూత్రంలో అంకెలు వెయ్యడం మాత్రమేనని చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది. ఆ పని కాలిక్యులేటర్ నాకంటే బాగా చేస్తుంది.

కాబట్టి ఇక్కడ చెప్పేది ఆ అలవాటు వదిలించుకునే పద్ధతి. సూత్రం రాయకముందే, ఆ లెక్కలో ఏం జరుగుతోందో మీ సొంత మాటల్లో కథలా చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ లెక్క మీకింకా అర్థం కాలేదన్నమాట, జవాబు సరిగ్గా వచ్చినా సరే.

ముందు కథ

ఒక లెక్క తీసుకుందాం. సెకనుకి 20 మీటర్ల వేగంతో పోతున్న కారుకి బ్రేక్ వేశారు, ప్రతి సెకనుకీ దాని వేగం 5 చొప్పున తగ్గుతోంది, బ్రేక్ వేశాక 6 సెకన్లలో అది ఎంత దూరం పోతుంది?

అంకెలు ఏరుకునేవాళ్ళు వెంటనే దూరం సూత్రం రాస్తారు. తొలి వేగం × కాలం అంటే 120, అందులోంచి సగం × త్వరణం (సెకనుకి వేగం ఎంత మారుతోందన్నది, ఇక్కడ 5) × కాలం వర్గం, అంటే 90 తీసేస్తే 30 మీటర్లు. చక్కగా పూర్ణాంకం కూడా వచ్చింది కాబట్టి అనుమానమే రాదు. ఇప్పుడు కథ చెప్పండి. మొదట 20, ఒక సెకను తర్వాత 15, తర్వాత 10, తర్వాత 5, నాలుగో సెకను చివర సున్నా. కారు ఆగిపోయింది! మిగతా రెండు సెకన్లూ అది అక్కడే నిలబడి ఉంది. నాలుగు సెకన్లలో సగటు వేగం 10 కాబట్టి పోయిన దూరం 40 మీటర్లు, అంతే.

మరి సూత్రం 30 అని ఎందుకు చెప్పింది? సూత్రానికి బ్రేక్ అంటే ఏమిటో తెలియదు. వేగం సున్నా అయ్యాక కూడా అదే త్వరణం కొనసాగిందనుకుని, కారుని రెండు సెకన్ల పాటు వెనక్కి నడిపించి, 10 మీటర్లు తగ్గించేసింది. సూత్రం తప్పు కాదు, మనం దానికి అప్పగించిన కథ తప్పు. ఇలాంటి లెక్క ఒక్కటి చేతులారా తప్పు చేసి, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకుంటే సరైనవి పది చేసినదానికంటే ఎక్కువ ఒంటబడుతుంది.

కథ చెప్పడం అంటే పెద్ద వ్యాసం రాయమని కాదు. ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నాం, మొదట్లో అది ఏం చేస్తోంది, మధ్యలో ఏమైనా మారిందా, కథ ఎక్కడ ముగుస్తుంది. ఈ నాలుగూ నోటితో చెప్పుకుని, పక్కనే ఓ గీత గీసి, దాని మీద మొదలు ఎక్కడో చివర ఎక్కడో గుర్తు పెడితే చాలు. మొదట్లో ఇది టైం వేస్ట్ అనిపిస్తుంది, ఓ వారం ఓపిక పట్టండి.

మధ్యలో ఏమైనా మారిందా అన్న ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకంటే మనం బట్టీ పట్టే ఆ మూడు సమీకరణాలు త్వరణం మారకుండా ఉన్నప్పుడే పనిచేస్తాయి. రైలు 10 సెకన్లలో సున్నా నుంచి 20కి చేరి, 30 సెకన్లు అదే వేగంతో పోయి, ఇంకో 20 సెకన్లలో ఆగిందనుకోండి, అది ఒక కథ కాదు, మూడు. మొత్తం 60 సెకన్లూ ఒకే సమీకరణంలో పెట్టాలని చూస్తే తల గోడకేసి కొట్టుకున్నట్టే. అలాంటప్పుడు వేగం–కాలం గ్రాఫ్ గీసెయ్యండి. ఒక ట్రెపీజియం వస్తుంది, కింది భుజం 60, పై భుజం 30, ఎత్తు 20, వైశాల్యం 900. రైలు పోయిన దూరం 900 మీటర్లు, ఒక్క సమీకరణం కూడా వాడలేదు. గ్రాఫ్ కింద వైశాల్యం స్థానభ్రంశం (మొదలైన చోటు నుంచి ఏ దిక్కుకి ఎంత జరిగిందన్నది), గీత వాలు త్వరణం, ఈ రెండూ గుర్తుంటే సగం లెక్కలు బొమ్మతోనే తేలిపోతాయి.

ఏ సమీకరణం వాడాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు మాత్రం చాలా చిన్నది. సమత్వరణ చలనంలో ఉన్నవి ఐదే రాశులు: తొలి వేగం, తుది వేగం, త్వరణం, కాలం, స్థానభ్రంశం. ప్రతి సమీకరణంలోనూ వీటిలో నాలుగే ఉంటాయి, ఒకటి ఉండదు. కాబట్టి ఐదూ కింద కింద రాసుకుని, తెలిసినవాటికి విలువ వెయ్యండి, కావలసినదానికి ప్రశ్న గుర్తు పెట్టండి, ఇక తెలియనిదీ అక్కర్లేనిదీ ఒకటి మిగులుతుంది. ఆ మిగిలిన రాశి ఏ సమీకరణంలో లేదో అదే మీకు కావలసిన సమీకరణం. కాలం సంగతి చెప్పలేదు, అడగనూ లేదు అంటే వేగాల వర్గాలున్న సమీకరణం. తుది వేగం ఊసే లేదంటే కాలం వర్గం ఉన్నది. ఇంతే.

తొలి వేగం సున్నా అని మాటల్లో దాచి పెడుతుంటారు, అది చూసుకోండి. "నిశ్చల స్థితి నుంచి", "జారవిడిచారు" అంటే తొలి వేగం సున్నా. "ఆగింది", "గరిష్ఠ ఎత్తుకి చేరింది" అంటే తుది వేగం సున్నా. కానీ పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తులో ఉన్నప్పుడు వేగం సున్నా కాబట్టి త్వరణం కూడా సున్నానే అనుకోకండి. అక్కడ కూడా గురుత్వ త్వరణం 9.8 కిందికే ఉంది. నిజంగా అక్కడ త్వరణం కూడా సున్నా అయితే బంతి ఆకాశంలోనే వేలాడుతూ ఉండిపోవాలి కదా.

గుర్తుల దగ్గర, అంటే ప్లస్సు మైనస్సుల దగ్గర, మార్కులు పోయినన్ని ఇంకెక్కడా పోవు. దీనికి ఒకటే నియమం: మొదటి గీత గీసేటప్పుడే ఏ దిక్కు ప్లస్సో బాణం వేసి రాసెయ్యాలి, ఇక లెక్క పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు. "కిందికి వస్తోంది కాబట్టి గురుత్వ త్వరణం ప్లస్సు, పైకి పోతోంది కాబట్టి మైనస్సు" అని సగం లెక్కలో గుర్తు మార్చే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

దీనికి నాకు బాగా నచ్చే లెక్క బెలూన్ లెక్క. సెకనుకి 5 మీటర్ల వేగంతో పైకి పోతున్న బెలూన్ 60 మీటర్ల ఎత్తులో ఉండగా అందులోంచి ఒక రాయి వదిలారు, అది ఎన్ని సెకన్లకి నేలని తాకుతుంది? గురుత్వ త్వరణం 10 అనుకుందాం. "వదిలారు" అనగానే తొలి వేగం సున్నా వేసేస్తారు చాలామంది. కానీ కథ చెప్పి చూడండి: రాయి అప్పటిదాకా బెలూన్‌తో పాటు పైకి పోతోంది, చెయ్యి వదిలినంత మాత్రాన ఆ వేగం ఎక్కడికి పోతుంది? కాసేపు పైకే పోయి, ఆగి, అప్పుడు కిందికి పడుతుంది. పైదిక్కు ప్లస్సు అనుకుంటే తొలి వేగం +5, త్వరణం −10, స్థానభ్రంశం −60. సమీకరణంలో వేసి 5తో భాగిస్తే కాలం వర్గం − కాలం − 12 = 0. జవాబులు 4, −3. నాలుగు సెకన్లు, అయిపోయింది.

అయిపోయింది గానీ, ఆ −3ని చెత్తబుట్టలో పడేసే ముందు ఒక్క నిమిషం చూడండి. సమీకరణానికి బెలూన్ సంగతి తెలియదు, అది ఆ రాయి అంతకుముందు కూడా గాలిలో ఒంటరిగానే ఎగురుతోందనుకుంటుంది. అలా అయితే మూడు సెకన్ల ముందు దాన్ని నేల మీది నుంచి 35 వేగంతో పైకి విసిరి ఉండాలి. మూడు సెకన్ల తర్వాత సరిగ్గా 60 మీటర్ల ఎత్తులో, 5 వేగంతో పైకి పోతూ ఉంటుంది. కావాలంటే వేసి చూడండి. పరీక్షకి ఇది అక్కర్లేదు, కానీ లెక్కతో ఇలా కాసేపు కబుర్లాడితే దాని మీద భయం పోతుంది.

బలాల దగ్గర "ఎవరు?" అని అడగాలి

చలనం లెక్కల్లో తప్పులు ఎక్కువగా అజాగ్రత్త వల్ల వస్తాయి, బలాల లెక్కల్లో తప్పులు మనకి చిన్నప్పటి నుంచి ఉన్న నమ్మకాల వల్ల వస్తాయి. అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం.

కదులుతున్న వస్తువుకి ఆ కదిలే దిక్కులో ఏదో ఒక బలం ఉండే తీరాలని మన మనసు గట్టిగా నమ్ముతుంది. న్యూటన్ తన మూడు నియమాలనీ 1687లో అచ్చు వేయించాడు, అయినా మన మనసు ఇంకా అంతకుముందు కాలంలోనే ఉంది. బంతి విసిరారు, అది గాలిలో పైకి పోతోంది, దాని మీద పనిచేస్తున్న బలాలు గీయమంటే, కిందికి ఒక బాణం వేసి పైకి కూడా ఇంకో బాణం వేస్తారు. అదేమిటి అంటే "విసిరిన బలం" అంటారు. విసిరిన చెయ్యి ఎప్పుడో వదిలేసింది! గాలి నిరోధం వదిలేస్తే ఆ బంతి మీద ఉన్నది ఒక్క గురుత్వ బలమే, పైకి పోతున్నప్పుడూ, పైన ఆగినప్పుడూ, కిందికి వస్తున్నప్పుడూ.

దీనికి మందు ఒకటుంది. స్వేచ్ఛా వస్తు పటం, అదే ఎఫ్‌బీడీ (ఒక్క వస్తువునే విడిగా గీసి, దాని మీది బలాలు బాణాలుగా చూపే బొమ్మ), గీసేటప్పుడు ప్రతి బాణం పక్కనా "ఎవరు?" అని అడగండి. ఈ బలాన్ని ప్రయోగిస్తున్నది ఎవరు? భూమి, నేల, తాడు, చెయ్యి, స్ప్రింగ్, గాలి. ఎవరో చెప్పలేకపోతే ఆ బాణం చెరిపెయ్యండి. ఇక బాణాలు మర్చిపోకుండా ఉండాలంటే వస్తువు చుట్టూ వేలు తిప్పుతూ దాన్ని ఏమేమి తాకుతున్నాయో చూడండి. తాకే ప్రతిదీ బలం ప్రయోగించగలదు, తాకకుండా లాగేది ఈ స్థాయి లెక్కల్లో భూమి ఒక్కటే. తాకేవన్నీ, ప్లస్ భూమి. ఇంతకు మించి బలాలు ఉండవు. "ద్రవ్యరాశి × త్వరణం" అన్నది కూడా ఒక బలం అనుకుని దానికో బాణం వేసేవాళ్ళున్నారు, అది బలం కాదు, బలాలన్నీ కలిపితే వచ్చే ఫలితం.

ఇంకో ఇరుకు మూడో నియమం. టేబుల్ మీద పుస్తకం ఉంది, భూమి దాన్ని కిందికి లాగుతోంది, టేబుల్ పైకి నెడుతోంది, రెండూ సమానం, వ్యతిరేకం, కాబట్టి ఇవి చర్య–ప్రతిచర్య జంట అని రాస్తే తప్పు. జంటలోని రెండు బలాలూ ఎప్పుడూ వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి, ఇక్కడ రెండూ పుస్తకం మీదే ఉన్నాయి. భూమి పుస్తకాన్ని లాగుతోందంటే దాని జంట పుస్తకం భూమిని పైకి లాగడం. టేబుల్ పుస్తకాన్ని నెడుతోందంటే దాని జంట పుస్తకం టేబుల్‌ని కిందికి నెట్టడం. వాక్యాన్ని తిరగేస్తే జంట దొరికేస్తుంది: "'క' 'ఖ'ని నెడుతోంది", "'ఖ' 'క'ని నెడుతోంది". వర్ణమాలతో వచ్చిన ఈ చిన్న కిటుకు నన్ను చాలాసార్లు కాపాడింది.

ఏ వస్తువు మీద ఎఫ్‌బీడీ గీయాలన్నది మీ ఇష్టం, ఆ ఇష్టాన్ని తెలివిగా వాడుకోవాలి. నున్నటి నేల మీద 3 కిలోలు, 2 కిలోల దిమ్మెలు రెండు ఆనుకుని ఉన్నాయి, 3 కిలోల వైపు నుంచి 20 న్యూటన్లతో నెడుతున్నారు, వాటి మధ్య బలం ఎంత? ముందు రెంటినీ కలిపి ఒకే వస్తువు అనుకోండి: మొత్తం 5 కిలోలు, త్వరణం 4. ఇప్పుడు 2 కిలోల దిమ్మెని ఒక్కదాన్నే విడదీయండి, దాన్ని ముందుకి నెడుతున్నది పక్క దిమ్మె ఒక్కటే, కాబట్టి ఆ బలం 2 × 4 = 8 న్యూటన్లు. అదే 20 న్యూటన్లనీ 2 కిలోల వైపు నుంచి నెడితే? త్వరణం మారదు, మధ్య బలం మాత్రం 12 అవుతుంది, ఎందుకంటే ఇప్పుడది 3 కిలోలని మోసుకెళ్ళాలి. నెట్టిన బలం మొత్తం అవతలి దిమ్మెకి అలాగే చేరిపోతుందని అనుకునేవాళ్ళకి ఈ ఒక్క లెక్క చాలు.

ఘర్షణ

ఘర్షణ అనగానే ఘర్షణ గుణకం × అభిలంబ బలం (నేల వస్తువుని పైకి నెట్టే బలం) అని రాసెయ్యడం ఒక జబ్బు. నిలబడి ఉన్న వస్తువు మీద అది గరిష్ఠ విలువ మాత్రమే, అసలు ఘర్షణ ఎంత అవసరమో అంతే ఉంటుంది. 10 కిలోల పెట్టె, స్థైతిక ఘర్షణ గుణకం (కదలకుండా ఉన్నప్పటిది) 0.5, జారేటప్పుడు 0.4, గురుత్వ త్వరణం 10 అనుకోండి. ఎవరూ నెట్టకపోతే ఘర్షణ సున్నా. 30 న్యూటన్లతో నెడితే ఘర్షణ 30, పెట్టె కదలదు. ఇక్కడ గరిష్ఠ విలువ 0.5 × 100 = 50 అని రాస్తే పెట్టె తనంతట తనే వెనక్కి, మిమ్మల్ని తోసుకుంటూ రావాలి! 50 దాకా అది సమానంగా ఎదురు నిలుస్తుంది. 60తో నెడితే జారుతుంది, అప్పుడు ఘర్షణ 40కి పడిపోతుంది, మిగిలిన 20 వల్ల త్వరణం 2. కదలడం మొదలయ్యాక నెట్టే బలం 40కి తగ్గించినా అది ఆగదు, ఉన్న వేగంతో అలాగే పోతుంది. కాబట్టి ఘర్షణ లెక్క ఏది వచ్చినా మొదటి ప్రశ్న "అసలు కదులుతోందా?" అన్నది.

రెండో జబ్బు, అభిలంబ బలం అంటే ఎప్పుడూ వస్తువు భారమే అనుకోవడం. అదే పెట్టెకి తాడు కట్టి 50 న్యూటన్లతో ఏటవాలుగా పైకి లాగండి, సైన్ 0.6, కొసైన్ 0.8 ఉండే కోణం అనుకుందాం, అంటే దాదాపు 37 డిగ్రీలు. నిట్టనిలువు భాగం 30, అడ్డంగా 40. తాడు పెట్టెని కొంత పైకి ఎత్తుతోంది కాబట్టి నేల మోసేది 70 న్యూటన్లే, గరిష్ఠ ఘర్షణ 35, మన 40 దాన్ని దాటేసింది, పెట్టె కదిలింది. ఇప్పుడు అదే 50 న్యూటన్లతో అదే కోణంలో వెనక నుంచి కిందికి వంచి నెట్టండి. నేల మీద భారం 130 అయింది, గరిష్ఠ ఘర్షణ 65, మన 40 చాలదు, పెట్టె అంగుళం కదలదు. బలం అదే, కోణం అదే, లాగితే వచ్చేది నెడితే రాదు. ఇందులో కొత్త సూత్రమేమీ లేదు, ఎఫ్‌బీడీ గీసి నిలువుగా ఒక సమీకరణం, అడ్డంగా ఒక సమీకరణం రాశామంతే.

వాలు తలం లెక్కల్లో సైన్ ఎక్కడ, కొసైన్ ఎక్కడ అన్న తికమక అందరికీ ఉంటుంది. బట్టీ పట్టొద్దు. వాలుని పూర్తిగా పడుకోబెట్టినట్టు ఊహించుకోండి, కోణం సున్నా. అప్పుడు జారే బలం సున్నా కావాలి కదా, కోణం సున్నా అయినప్పుడు సున్నా అయ్యేది సైన్. కాబట్టి జారే దిక్కులో సైన్.

జవాబుని నమ్మే ముందు చూడాల్సినవి

ఇలా కోణాన్ని సున్నా చేసి చూడడం అన్నది ఒక్క వాలు తలానికే కాదు, ప్రతి జవాబుకీ వాడొచ్చు. కప్పీ మీద తాడు, రెండు వైపులా 6 కిలోలు, 4 కిలోలు. గురుత్వ త్వరణం 10 అనుకుంటే త్వరణం 2, తాడులో టెన్షన్, అంటే తాడు లాగే బలం (తన్యత), 48 న్యూటన్లు వస్తుంది. ఈ 48 నమ్మొచ్చా? 4 కిలోలు పైకి వేగం పుంజుకుంటోంది కాబట్టి టెన్షన్ 40 కన్నా ఎక్కువ ఉండాలి, 6 కిలోలు కిందికి వేగం పుంజుకుంటోంది కాబట్టి 60 కన్నా తక్కువ ఉండాలి. 48 మధ్యలోనే ఉంది, బాగానే ఉంది. మీకు 72 వచ్చిందంటే ఎక్కడో గుర్తు తప్పు పడింది. ఇక మీ సూత్రంలో రెండు ద్రవ్యరాశులూ సమానం చేస్తే త్వరణం సున్నా రావాలి, ఒకటి సున్నా చేస్తే రెండోది స్వేచ్ఛగా పడాలి. రాకపోతే సూత్రమే తప్పు.

ప్రమాణాల సంగతి తెలిసిందే, గంటకి కిలోమీటర్లని 5/18తో గుణించి సెకనుకి మీటర్లలోకి మార్చాలి, గ్రాములని కిలోలు చెయ్యాలి. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందేమో చూసుకోండి.

సగటు వేగం దగ్గర కూడా ఒక్కసారి ఆగండి. పోయేటప్పుడు 40, వచ్చేటప్పుడు 60 అంటే సగటు 50 కాదు, 48. నెమ్మదిగా పోయినప్పుడు ఎక్కువసేపు పోయారు మరి.

రోజూ ఎలా కూర్చోవాలి

ఇక అసలు ప్రాక్టీస్. సొల్యూషన్ చదివి అర్థం చేసుకోవడాన్ని లెక్క చెయ్యడంగా లెక్కపెట్టకండి. ఎదుటివాళ్ళు ఈత కొడుతుంటే ఒడ్డున కూర్చుని చూసినట్టుంటుంది అది. లెక్క రాకపోతే కనీసం పది పదిహేను నిమిషాలు దానితో తిప్పలు పడండి, బొమ్మ మళ్ళీ గీయండి, అప్పటికీ రాకపోతే సొల్యూషన్ తెరిచి ఒక్క వరస మాత్రమే చూసి మూసెయ్యండి. చాలాసార్లు ఆ ఒక్క వరసే చాలు, మిగతాది మీదే. పూర్తిగా చూడాల్సి వచ్చిందనుకోండి, తప్పేం లేదు, కానీ ఆ లెక్క పక్కన ఒక చుక్క పెట్టి మూడు నాలుగు రోజుల తర్వాత తెల్ల కాగితం మీద, ఏమీ చూడకుండా మళ్ళీ చెయ్యండి. అప్పుడు వస్తేనే చుక్క కొట్టెయ్యాలి. నా చుక్కల్లో కొన్ని నాలుగైదుసార్లు అలాగే ఉండిపోయాయి, ముఖ్యంగా కప్పీలవి.

ఒకే రకం లెక్కలు వరసగా ఇరవై చెయ్యడం హాయిగా ఉంటుంది, ఎందుకంటే రెండోదాని నుంచి ఆలోచించక్కర్లేదు. అక్కడే మోసపోతాం. పరీక్షలో ఇది వాలు తలం లెక్క, ఇది లిఫ్ట్ లెక్క అని పైన పేరు రాసి ఉండదు. పాఠం కొత్తగా నేర్చుకున్న రోజు ఒకే రకం నాలుగైదు చెయ్యండి, ఆ తర్వాత నుంచి చీటీలు తీసినట్టు కలిపేసి చెయ్యండి. జవాబులు తక్కువ వస్తాయి, విసుగొస్తుంది, అయినా అలాగే చెయ్యండి.

కొన్ని రోజులు అసలు లెక్కలు చెయ్యకుండా బొమ్మలు మాత్రమే గీయడం ఇంకో మంచి పని. పది లెక్కలు తీసుకుని ఒక్కోదానికి ఎఫ్‌బీడీ, ప్లస్సు దిక్కు, మొదటి సమీకరణం, అంతవరకే. సాధించొద్దు. మామూలుగా రెండు గంటలు పట్టే లెక్కల మెదడు పని అరగంటలో అయిపోతుంది, ఎందుకంటే కష్టమంతా అక్కడే ఉంది, మిగతాది కూడికలు తీసివేతలు.

తప్పుల నోట్సు ఒకటి పెట్టుకోండి, అందులో లెక్క మొత్తం ఎక్కించకుండా తప్పు ఎలాంటిదో ఒక్క మాట రాయండి: "దిక్కు మధ్యలో మార్చాను", "కారు ఆగిపోయిందని చూసుకోలేదు", "అభిలంబ బలం = భారం అనుకున్నాను". నెల తిరిగేసరికి మీ తప్పులన్నీ తిప్పి తిప్పి మూడు నాలుగేనని తెలుస్తుంది. తెలిశాక పరీక్షలో ఆ మూడు చోట్లే రెండోసారి చూసుకుంటే సరిపోతుంది.

ఒక లెక్క అయిపోయాక దాన్ని కాస్త కెలకడం కూడా అలవాటు చేసుకోండి. కారు వేగం రెట్టింపైతే? ఆగడానికి పట్టే కాలం రెట్టింపు, కానీ దూరం నాలుగింతలు, ఎందుకంటే దూరం వేగం వర్గంతో పోతుంది. 20 వేగానికి 40 మీటర్లు పట్టిన కారుకి 40 వేగంలో 160 మీటర్లు కావాలి. లేదా చుట్టూ ఉన్న సంగతులు పట్టుకుని మీరే లెక్క తయారుచేయండి. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక సుత్తినీ ఒక ఈకనీ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలని తాకాయి. అక్కడ గురుత్వ త్వరణం దాదాపు 1.6. ఎత్తు కూడా 1.6 మీటర్లు అనుకుంటే పడడానికి దాదాపు 1.4 సెకన్లు, అదే భూమి మీద అయితే 0.6 సెకన్ల లోపే. గెలీలియో కథ కూడా ఇలాంటిదే. తిన్నగా పడే వస్తువు ఆయన కాలం నాటి గడియారాలకి చిక్కదు కాబట్టి వాలు మీద గోళీలు దొర్లించి, సన్నటి ధారగా కారిన నీటిని తూచి కాలం కొలిచాడు. నిశ్చల స్థితి నుంచి బయలుదేరిన వస్తువు సమాన కాలాల్లో పోయే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయని చెప్పాడు. కాలం వర్గం ఉన్న మన సమీకరణంలో 1, 2, 3, 4 సెకన్లు వేసి పక్కపక్క విలువలు తీసెయ్యండి, అవే బేసి సంఖ్యలు వస్తాయి.

చివరగా మీకో లెక్క. లిఫ్ట్‌లో బరువు తూచే మిషన్ మీద 60 కిలోల మనిషి నిలబడ్డాడు, మిషన్ అతన్ని పైకి నెడుతున్న బలం 480 న్యూటన్లు, గురుత్వ త్వరణం 10. లిఫ్ట్ పైకి పోతోందా, కిందికి వస్తోందా? రెండు బాణాలే ఉన్నాయి, భూమిది 600 కిందికి, మిషన్‌ది 480 పైకి. ఫలిత బలం 120 కిందికి, త్వరణం 2 కిందికి. చాలామంది ఇక్కడే ఆగి "కిందికి వస్తోంది" అని రాసేస్తారు. మీరు అక్కడ పెన్ను పక్కన పెట్టి, త్వరణం కిందికి ఉండేలా రెండు వేరువేరు కథలు చెప్పండి, ఒకదాంట్లో లిఫ్ట్ పైకే పోతూ ఉండాలి.